జగ్గయ్య ఎందుకు దూకాడు

జగ్గయ్యకి చిన్నప్పటి నుంచీ ఒక రోగం ఉంది. ఏదైనా వస్తువు కంటబడితే దాని గుట్టు తెలిసేదాకా మనిషి కుదురుగా కూర్చోలేడు. జాలరిపేటలో తోటివాళ్ళంతా కెరటాల్లో పడి దొర్లుతుంటే, వీడు పీత కన్నం పక్కన బోర్లా పడుకుని, లోపలికి పోయిన పీత ఎటు నుంచి బయటికొస్తుందా అని పూటంతా కాపలా కాసేవాడు. పెద్దయ్యాక మరబోటు మీద పనికి కుదిరాడు. ఇంజను ఎందుకు దగ్గుతోందో చూద్దామని విప్పి, మళ్ళీ బిగించడం చేతకాక, హార్బరంతా వినబడేటట్టు బోటు యజమాని చేత చీవాట్లు తిన్నాడు. పెళ్ళయిన కొత్తలో ఎవరైనా "మీ ఆయనేటి సేత్తాడమ్మా?" అని అడిగితే కాసులమ్మ, "అడుగుతాడు" అని చెప్పేది.

అలాంటి మనిషికి తన సంగతే తనకి తెలియకుండా పోయింది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశాక ఆ విషయం బయటపడింది. ఆ కాలు ఎలా పోయిందో పేటలో అందరికీ తెలుసు. ఎందుకు పోయిందన్నది మాత్రం జగ్గయ్యకి కూడా అంతుబట్టలేదు. నేను చెప్పబోయేదంతా ఆ 'ఎందుకు' వెంటపడి అతను తిరిగిన తిరుగుడు గురించే.

చేపల వేట సరిగ్గా సాగని ఒక ఏడాది అతను సముద్రం వదిలేసి, పోర్టు పక్కన ఒక ప్రైవేటు గోదాములో కళాసీగా చేరాడు. చేరిన రోజే ఫోర్క్‌లిఫ్టు కంటబడింది. ముందు వైపు రెండు ఇనుప చేతులు. వాటిని బస్తాల దొంతర కిందికి దూర్చి, దొంతరకి దొంతరే పైకెత్తి, మనిషికి నిచ్చెన కావలసినంత ఎత్తులో పెట్టేస్తుంది. ఆ బరువుకి ముందుకి తూలిపోకుండా వెనకాల పెద్ద ఇనుప దిమ్మ. పైనుంచి ఏదైనా జారిపడితే తోలేవాడి తల పగలకుండా నాలుగు స్తంభాల మీద ఇనుప కమ్మీల కప్పు. జగ్గయ్య నెత్తిమీది బస్తా సంగతి మరిచిపోయి, అలాగే మోసుకుంటూ దాని చుట్టూ తిరిగాడు. మేస్త్రీ కేకలేస్తున్నా చెవికెక్కలేదు.

అన్ని బళ్ళకీ ముందు చక్రాలు తిరిగితే, దీనికి వెనక చక్రాలు తిరుగుతాయి. ఏళ్ళ తరబడి లారీలు తోలినవాళ్ళు కూడా దీనిమీద కూర్చుని, ముందు చూసుకుంటూ తిప్పి, తోకతో గోడలు గుద్దేవారు. జగ్గయ్యకి ఆ తికమక లేదు. చుక్కాని పడవకి వెనకే కదా ఉండేది. బండి ఎక్కిన కొద్ది రోజులకే, ఎలకలు దూరడానికి కూడా ఆలోచించే సందుల్లోంచి బరువుతో సహా తీసుకొచ్చేసేవాడు. "ఈడు పడవ నడుపుతన్నాడర్రా" అని కళాసీలు నవ్వేవారు. ఆ మాట జగ్గయ్యకి జీతం కంటే ఇష్టంగా ఉండేది.

అలా చాలా ఏళ్ళు బాగానే గడిచింది. తర్వాత ఒక ఎండాకాలం ఉదయం దారికి సగం అడ్డంగా ఎవరో దొంతర వదిలేశారు. దాని పక్క నుంచి దాటడానికి బండి మీది బరువుని పైకెత్తాలి, దాటాక మళ్ళీ కిందికి దించుకోవాలి. జగ్గయ్య ఎత్తాడు, దించలేదు. అవతల లారీ తొందర పెడుతోంది. ఎరువు బస్తాలు నెత్తికంటే ఎత్తులో ఉండగానే ర్యాంపు దిగుతూ మలుపు తిప్పాడు. అది తన తప్పేనని అతను ఏ రోజూ దాచలేదు. ఒక పక్క చక్రాలు నేల వదిలాయి. బండి మొత్తం ఎడమ పక్కకి ఒరగడం మొదలెట్టింది. చూసినవాళ్ళు రెప్పపాటులో అయిపోయిందంటారు గానీ, జగ్గయ్యకి మాత్రం అది చాలా నెమ్మదిగా ఒరిగినట్టే గుర్తు. అలా ఒరుగుతుండగా అతను బయటికి దూకాడు. దూకిన వైపే బండి పడింది. తలమీది ఇనుప కప్పు తాలూకు స్తంభం వచ్చి అతని కాలి మీద వాలింది.

ఆస్పత్రికి చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకటే అడిగారు, బరువు దించకుండా ఎందుకు తిప్పావని. దానికి జగ్గయ్య దగ్గర జవాబుంది. తొందరపడ్డాను, బుద్ధి తక్కువైంది అని చెప్పి ఊరుకునేవాడు. గోదాములో సేఫ్టీ ఆఫీసరు అనూరాధ మాత్రం ఇంకో ప్రశ్న వేసింది. కంచరపాలెం అమ్మాయి. కార్మికుల్ని గారు అనకుండా పిలవదు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి సీటు బెల్టు పెట్టుకోండి, బెల్టు పెట్టుకోండి అని గోదామంతా తిరుగుతూ గొంతు పోగొట్టుకున్న మనిషి.

"జగ్గయ్య గారూ, మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు అడుగుతున్నది. మీరు ఎందుకు దూకారు?"

"బండి పడిపోతంది కదమ్మా మరి."

"సీట్లోనే స్టీరింగు గట్టిగా పట్టుకుని ఉండిపోతే ఆ కప్పే మిమ్మల్ని కాపాడేది. దెబ్బలు తగిలేవి, కాలు ఉండేది. బండి పక్కకి ఒరిగితే దూకకూడదని ట్రైనింగులో చెప్పాను. గుర్తుందా?"

గుర్తుంది, అదే చిత్రం. ఆ రోజు సమోసా తిన్నదీ గుర్తుంది, ఆవిడ చెప్పిన మాటా గుర్తుంది. అంతెందుకు, కొత్తగా వచ్చిన డ్రైవర్లకి ఆ మాట తనే చెప్పాడు, ఒకసారి కాదు చాలాసార్లు. తెలిసుండీ దూకాడు. ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా, దూకుదామని తను అనుకున్నట్టు మాత్రం జ్ఞాపకం లేదు. అనూరాధ వెళ్ళిపోయాక జగ్గయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. కాలు పోయినందుకు అప్పటికే ఏడవడం అయిపోయింది. ఈ ఏడుపు, ఉంచుకోగలిగిన కాలుని తన చేతులతో తనే పారేసుకున్నానే అని.

పెట్టుడు కాలు అలవాటయ్యాక గోదామువాళ్ళు అతన్ని బ్యాటరీ గదిలో పెట్టారు. ఫోర్క్‌లిఫ్టులు వచ్చి ఛార్జింగు పెట్టుకునే గది అది. కూర్చున్న చోటు నుంచే బళ్ళన్నీ కనిపిస్తాయి. తన పాత బండి కూడా కనిపిస్తుంది. ఇప్పుడు దాన్ని తోలేది కృష్ణంరాజు, కాసులమ్మ తమ్ముడు. వేటలోంచి కొత్తగా వచ్చాడు, బండి తొందరగానే పట్టుబడింది. పడవ నడుపుతున్నాడర్రా అన్న మాట ఇప్పుడు వాడికి దక్కింది. ఆ మాట వినబడినప్పుడల్లా జగ్గయ్య పని ఆపి వాడి నడుం వైపు చూసేవాడు.

ఎందుకంటే కృష్ణంరాజు బెల్టు పెట్టుకోడు. బెల్టు పెట్టుకోకపోతే బండి కీచుకీచుమని గోల చేస్తుంది. అందుకని దాన్ని సీటు వెనక నుంచి తిప్పి క్లిప్పులో దిగ్గొట్టి, దానికి వీపు ఆనించి కూర్చునేవాడు. బండి నోరు మూసుకుంటుంది. జగ్గయ్యకి ఆ కిటుకు బాగా తెలుసు, వాడికి నేర్పినవాళ్ళకి నేర్పింది తనే.

"ఒరే కిష్ణా, బెల్టెట్టుకోరా నాయినా" అన్నాడు ఒక రోజు, ఛార్జరు తగిలిస్తూ.

"ఒగ్గీ బావా. నాను నీనాగ తిప్పుతానేటి?"

"తిప్పవనుకో. ఎవడో గుద్దితే? సక్రం గోతిలో దిగిపోతేనో?"

"అప్పుడు దూకనులే. మేడం సెప్పింది కదేటి. నాకు తెల్దా?"

"నాకూ తెలుసురా" అన్నాడు జగ్గయ్య. తన నోట్లోంచి వచ్చిన ఆ మాట విని అతనే ఉలిక్కిపడ్డాడు.

ఆ రోజుతో మళ్ళీ పాత రోగం తిరగబెట్టింది. తెలిసున్నవాడు ఎందుకు దూకుతాడు? నేనొక్కణ్ణే దూకుతానా, అందరూ దూకుతారా? కృష్ణంరాజు దూకుతాడా, దూకడా? అడిగితే ఎవడైనా దూకనంటాడు. కాబట్టి అడగడం వల్ల లాభం లేదు, పడేసి చూడాలి. జగ్గయ్యకి ఈ ఆలోచన రావడం, పాతసామాన్ల దుకాణం నుంచి ఆటో సీటొకటి మోసుకురావడం, దాన్ని వెడల్పాటి చెక్కకి మేకులతో బిగించడం, అన్నీ ఒక్క ఆదివారంలో జరిగిపోయాయి.

ఆ సీటుని తీసుకెళ్ళి ఒడ్డున వలలు కుట్టే పాకలో, మెత్తటి ఇసక మీద పెట్టాడు. వచ్చినవాణ్ణి మర్యాదగా అందులో కూర్చోబెట్టి, చేతికి టీ గ్లాసిచ్చి, కబుర్లలో పెట్టేవాడు. కబుర్ల మధ్యలో ఒక దగ్గు దగ్గేవాడు. వెనక తట్టల దగ్గర ఏదో సర్దుకుంటున్నట్టు నిలబడ్డ కాసులమ్మ చెక్కని ఒక పక్క నుంచి ఎత్తేసేది. మొదట్లో ఆవిడ ఈ వెధవ పని నా వల్ల కాదంది. పేటలో తనకి పడనివాళ్ళు కొందరు కూడా వచ్చి కూర్చుంటున్నారని గమనించాక, మొగుడు దగ్గే దాకా ఆగడం కూడా మానేసింది.

చేపలమ్మి వచ్చిన ఆడవాళ్ళు పక్కన చేరి పొట్టలు పట్టుకుని నవ్వారు. జగ్గయ్య మాత్రం నవ్వలేదు. పీత కన్నం దగ్గర పడుకున్న రోజుల్లోలాగే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వేటకి వెళ్ళే ప్రతివాడూ దూకాడు. ఒరిగీ ఒరగకముందే దూకాడు. గ్లాసు ఒక పక్కకి, మనిషి ఒక పక్కకి. నడుం నొప్పితో మంచం దిగలేకపోతున్నానని కోడలి చేత సేవలు చేయించుకుంటున్న ఒక ముసలాయన అందరికంటే దూరం దూకాడు, ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో మనకి అనవసరం. దూకిన ఒక్కొక్కణ్ణీ జగ్గయ్య అడిగాడు.

"దూకుదామనుకున్నావా?"

"అనుకోడానికి టయమెక్కడిదిరా? దూకీసేను, అంతే."

గోదాములో పనిచేసే గోపి ఒక రోజు ఇటు వచ్చాడు. చోడవరం అవతల పల్లెటూరు వాడిది, వ్యవసాయం చేసుకునే కుటుంబం, సముద్రమంటే మోకాలి లోతు దాటి ఎరగడు. వాణ్ణీ కూర్చోబెట్టి ఒరగదీశారు. గోపి దూకలేదు. రెండు చేతులతో సీటుని కావలించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "ఓలమ్మో" అంటూ సీటుతో సహా ఇసకలో పడ్డాడు. ఇసక దులుపుకోకుండానే, "ఏటైనాది? ఏటైనాది?" అని అడిగాడు. పేటవాళ్ళు వాడి పిరికితనానికి ఎగతాళి చేశారు. జగ్గయ్య వెళ్ళి వాణ్ణి లేవదీసి, భుజం తట్టి, ఇంకో టీ ఇప్పించాడు.

అప్పుడు జగ్గయ్యకి వాళ్ళ అయ్య గొంతు చెవిలో పలికింది. చిన్నప్పుడు తెప్ప మీద ఎక్కిన మొదటి రోజే అయ్య చెప్పిన మాట. తెప్ప తిరగబడతందనిపిస్తే ఆలోసించకు, దూరంగా దూకీ, దానికిందుంటే సచ్చిపోతావు. చెప్పి ఊరుకోలేదు. ఒడ్డు దగ్గర, కెరటం విరిగే చోట, కావాలని తెప్పని తిరగేసి దూకించాడు. ఆలస్యమైతే వీపు మీద తెడ్డుతో ఒకటి ఇచ్చుకున్నాడు. ఈ పేటలో ప్రతివాడికీ ఏదో ఒక అయ్య అలాగే నేర్పాడు. అది నేర్చుకున్నవాడే సముద్రం నుంచి తిరిగొచ్చాడు. నీళ్ళలో దూరంగా దూకినవాడు బతుకుతాడు. సిమెంటు నేల మీద అదే దూకుడు దూకినవాడి మీదికి బండి వచ్చి పడుతుంది.

ఈ సంగతి జగ్గయ్య అనూరాధకి చెప్పాడు. ఆవిడ కుర్చీ లాక్కుని మొత్తం విన్నది. తర్వాత ఆ పాకకి వచ్చి తనూ చూస్తానంది. వచ్చి చూసింది.

"వేటకెళ్ళేవాళ్ళు ఇంతమందిలో ఒక్కరు కూడా ఆగలేదు" అంది, నమ్మలేనట్టు. "నేను ఎన్ని క్లాసులు చెప్పినా ఇది పోదు కదండీ. ఆ క్షణంలో ఎవరికీ ఆలోచించే వీలుండదు. బెల్టు పెట్టింది అందుకే. మనిషి మరిచిపోయినా అది పట్టుకుంటుంది."

"మరి కిష్ణగాడు కట్టుకోడమ్మా" అన్నాడు జగ్గయ్య. "కారణం సెప్పడు. నవ్వీసి ఎల్లిపోతాడు."

కారణం కాసులమ్మ చెప్పింది. ఆ సాయంత్రం ఆవిడ గుమ్మంలో కూర్చుని తట్ట కడుగుతోంది. జగ్గయ్య ఎప్పటిలాగే ఆవిడ తమ్ముడి మీద ఫిర్యాదు మొదలుపెట్టాడు. నువ్వు చెబితే వింటాడు, నువ్వెందుకు చెప్పవు అని గట్టిగానే అడిగాడు. కాసులమ్మ తట్ట పక్కన పెట్టింది.

"మా అయ్యెలగ పోనాడో నీకు తెల్దేటి?"

జగ్గయ్యకి తెలుసు. మామ వరహాలు పేరు పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు, అంత గట్టి వేటగాడు. వల విసురుతుండగా వల తాడు కాలికి చుట్టుకుంది. వలతో పాటు లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పడవలో కృష్ణంరాజు ఉన్నాడు, మీసాలు కూడా సరిగ్గా రాని వయసు. తాడు పట్టుకుని లాగాడు, లాగాడు, అరచేతులు చీరుకుపోయేదాకా లాగాడు. ఇవన్నీ జగ్గయ్యకి తెలుసు. తెలిసీ బెల్టుకీ ఆ తాడుకీ సంబంధం ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. ప్రపంచంలో ప్రతిదానికీ ఎందుకు అని అడిగే మనిషి, ఇంట్లో మనుషుల్ని అడగాల్సింది అడగలేదు.

"ఆడు నడుంకి మొలతాడు కూడా కట్టుకోడు. సూసేవా ఎప్పుడైనా?" అంది కాసులమ్మ. "మా అయ్య తాడు సుట్టుకుని పోనాడు. నువ్వు కట్టుకోక కాలు పోగొట్టుకున్నావు. ఆడికి నన్నేటి సెప్పమంటావయ్యా? కట్టుకోమంటే మా అయ్య కనపడతాడు. ఒద్దంటే నీ కాలు కనపడతంది."

జగ్గయ్య పెట్టుడు కాలు ఊడదీసి పక్కన పెట్టుకుని, ఆవిడ కడిగిన తట్ట తీసి గోడకి ఆనించాడు.

మర్నాడు బ్యాటరీ గదిలో కూర్చుని, పనికిరాదని తీసి పడేసిన పాత బెల్టొకటి ఒళ్ళో పెట్టుకుని పరీక్షగా చూశాడు. ఒక నాలిక వెళ్ళి గూట్లో దిగుతుంది. టక్కుమంటుంది. గూటి మీద ఎర్ర బొత్తాం. బొటనవేలితో నొక్కితే నాలిక దానంతటదే బయటికి ఎగిరొస్తుంది. మళ్ళీ దిగ్గొట్టాడు, మళ్ళీ నొక్కాడు. మధ్యాహ్నం దాకా అదే పని. ఛార్జింగు కోసం వచ్చినవాళ్ళు ఇతనికి మతి పోయిందనుకున్నారు. లంగరు తాడుని పడవకి కట్టేటప్పుడు జాలరి ఎవడూ గట్టి ముడి వెయ్యడు. ఒక్క గుంజు గుంజితే విడిపోయే ముడే వేస్తాడు. ఆ ముడి అంటే కృష్ణంరాజుకి భయం లేదు, రోజూ వేసినవాడే. విప్పుకోగలనని తెలిస్తే మనిషి కట్టుకుంటాడేమో. జగ్గయ్యకి తోచింది అంతే.

అనూరాధని అడిగి ఆ బెల్టు ఇంటికి తెచ్చాడు. కుర్చీకి బిగించాడు. కృష్ణంరాజు భోజనానికి వచ్చినప్పుడు కట్టుకోమని చెప్పలేదు.

"దీన్నిప్పి సూపించు" అన్నాడు.

కృష్ణంరాజు అనుమానంగా చూశాడు. నిలబడే చెయ్యి చాచి బొత్తాం నొక్కాడు. టక్కున ఊడింది.

"ఇంతేనేటి?"

"అంతే. ఇప్పుడు కూకుని ఇప్పు."

వాడు కూర్చున్నాడు. బెల్టు నడుం మీదుగా వెళ్ళేసరికి మొహం పాలిపోయింది, నుదుట చెమట పట్టింది. వెంటనే నొక్కి లేచిపోయాడు. కాసులమ్మ వంటింట్లోంచి చూస్తోంది. గరిటె పొయ్యి మీదే వదిలేసి వచ్చి తమ్ముడి పక్కన కింద కూర్చుంది. వాడి బొటనవేలు పట్టుకుని బొత్తాం మీద పెట్టింది.

"నొక్కు. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడిపోద్ది. మా అయ్యకి ఇది నేదురా తమ్ముడూ. నీకుంది."

కృష్ణంరాజు తల వంచుకుని, ఇంత పెద్దవాడూ వెక్కి వెక్కి ఏడ్చాడు. జగ్గయ్య అటు తిరిగి, లేని పని ఏదో కల్పించుకున్నాడు. పొయ్యి మీద పులుసు మాడిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత కృష్ణంరాజు ఆ కుర్చీ వదల్లేదు. టీవీ చూస్తూ టక్కు, మాట్లాడుతూ టక్కు, అన్నం కోసం ఎదురుచూస్తూ టక్కు. కళ్ళు మూసుకుని విప్పేవాడు, ఎడం చేత్తో విప్పేవాడు. ఆ చప్పుడుకి కాసులమ్మకి తల తిరిగిపోయేది. "నా మొగుడు ఒక్కడూ సాలకనా" అని గొణుక్కునేది. ఒక రోజు పొద్దున్న బ్యాటరీ గదిలో కూర్చున్న జగ్గయ్యకి ఎదురుగా బండి వచ్చి ఆగింది. బెల్టు కృష్ణంరాజు వీపు వెనక లేదు, నడుం మీద ఉంది. వాడు బొటనవేలు ఒకసారి ఎత్తి చూపించి వెళ్ళిపోయాడు.

వానలు మొదలయ్యాయి. గోదాము ఆవరణలో ఒక పక్కగా కాలవ ఉంది, దానిమీద సిమెంటు పలకలు కప్పి ఉంటాయి. నీళ్ళకి ఒక పలక లోపలంతా డొల్లబారింది. పైకి బాగానే కనిపించేది. భోజనాల తర్వాత కృష్ణంరాజు బస్తాలతో అటుగా వెళ్ళాడు. బరువు కిందికే దించుకున్నాడు, నెమ్మదిగానే తోలుతున్నాడు, వాడి తప్పు ఇసుమంతైనా లేదు. పలక చక్రం కింద పుటుక్కున విరిగింది. బండి ఒక పక్కకి కూలబడి, పూర్తిగా ఒరిగిపోయింది.

ఆ చప్పుడు జగ్గయ్యకి తెలుసు. విన్నవాడు ఇంకో దానితో పొరబడడు. లేచి పరిగెత్తబోయాడు. పెట్టుడు కాలు నేలకి సరిగ్గా ఆనక తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తడి నేల మీద కుంటుకుంటూ, జారుతూ, "కిష్ణా! కిష్ణా!" అని అరుచుకుంటూ వెళ్ళాడు. అక్కడ మనుషులు గుమిగూడి ఉన్నారు. వాళ్ళ వీపులే తప్ప ఏమీ కనబడలేదు. వాళ్ళని తోసుకుంటూ ముందుకి వెళ్ళే ఆ నాలుగడుగుల్లో అతను మొక్కని దేవుడు లేడు.

బండి పక్కకి పడి ఉంది. కప్పు తాలూకు స్తంభం సిమెంటులో గుంట చేసింది. కృష్ణంరాజు సీటులోనే ఉన్నాడు, బెల్టుకి వేలాడుతున్నట్టు అడ్డంగా. కాళ్ళు రెండూ ఇంకా ఆడుతున్నాయి. గోపి వంగి, బొత్తాం నొక్కి, వాణ్ణి బయటికి లాగాడు. నడవగలిగాడు. భుజం కమిలింది, నుదురు చీరుకుంది, నడుం మీద బెల్టు పడ్డ చోట ఎర్రటి చార. కాళ్ళు రెండూ ఉన్నాయి.

అనూరాధ పరిగెత్తుకుంటూ వచ్చింది. వాడి తలా చేతులూ తడిమి చూసి, అంబులెన్సుకి చెప్పి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది. "కృష్ణంరాజు గారూ, దూకకుండా ఉన్నారు. అంత కంగారులో కూడా గుర్తు పెట్టుకున్నారు. చాలా మంచి పని చేశారు" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కృష్ణంరాజు అవునన్నట్టు తలూపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. ఆవిడ ఆ పగిలిన పలకని చూడ్డానికి వెళ్ళింది.

జగ్గయ్య వాణ్ణి గోడ పక్కన కూర్చోబెట్టి నీళ్ళు తాగించాడు. కృష్ణంరాజు అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదని రూఢి చేసుకున్నాడు.

"మేడంకి సెప్పకు బావా."

"ఏటి?"

"నాను దూకీసేను."

జగ్గయ్యకి అర్థం కాలేదు. "సీట్లోనే ఉన్నావు కదరా."

"దూకీసేను బావా. ఒరిగిందో నేదో, కాళ్ళు తన్నీసి బయటికి దూకీసేను. బెల్టు పట్టీసింది. బొత్తాం నొక్కడం మర్సిపోనాను. అన్ని సార్లు నొక్కినోణ్ణి, అదొకటుందన్న గేనమే రానేదు." వాడు నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. "నాను ఆగుదామనే అనుకునీవోణ్ణి. వొట్టు. నా మాట నా కాళ్ళు ఇననేదు."

ఆస్పత్రి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న నాటి నుంచీ జగ్గయ్య ఛాతీలో గడ్డకట్టి ఉన్నదేదో ఒక్కసారిగా కరిగింది.

"నానూ అంతేరా కిష్ణా" అన్నాడు. "నానూ దూకుదామని దూకనేదు."

ఆ మాట అని, జగ్గయ్య అందరూ చూస్తుండగానే బామ్మర్దిని కావలించుకుని బావురుమన్నాడు.